యాకూబ్ భాయ్ ఎంచిపెట్టిన పిల్లి

యాకూబ్ భాయ్ లేడట.

నిన్న తెలంగాణ కోసం బంద్, స్కూల్ లేదు. భూపాలపల్లిలో నా గదిలో చాయ్ పెట్టుకుంటుంటే మహబూబాబాద్ నుంచి ఫోన్. ఆయన షాపు పక్కన పాన్ డబ్బా అతను. రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు.

నేను వెంటనే యాకూబ్ భాయ్ నంబర్‌కే కొట్టాను. ఇవేం జోకులని ఆయన్నే అడుగుదామని.

ఎత్తింది షాహీన్ భాభీ. ఏడుపు తప్ప మాట రాలేదు.

మొన్న సాయంత్రమే కదా మాట్లాడాం. అలవాటు ప్రకారం ఫోన్ తీసుకెళ్లి మున్నీ చెవికి ఆనించి, మీ సార్ లైన్‌లో ఉన్నాడు మాట్లాడు అన్నాడు. ఆ మనిషి నిన్న పొద్దున షాపు ముందు చాయ్ తాగుతూ తాగుతూనే ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకెళ్లేసరికే అయిపోయిందట.

నాకంటే రెండేళ్లే పెద్ద. షుగర్ లేదు, బీపీ లేదు.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్లకు చెప్తున్నా. మాది జనగామ. నా మొదటి పోస్టింగ్ మహబూబాబాద్. యాకూబ్ భాయ్ ఇంట్లో వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయనది కరెంటు మోటర్లు బాగుచేసే షాపు. పిల్లల్లేరు. ఆయన, భాభీ, ఇద్దరే.

మున్నీ మా పిల్లి.

గదిలో ఎలుకలు పరీక్ష పేపర్లు కొరికేస్తుంటే, ఒక పిల్లిని పెంచుతానన్నాను. ఆయన కురవి దగ్గర ఒక రైతు మోటర్ బిగించడానికి వెళ్తూ నన్ను బండెక్కించుకున్నాడు. ఆ రైతు కొట్టంలో పిల్లి పిల్లలున్నాయి.

బల్లి వెంట పరుగెత్తుతున్న నల్లదాన్ని చూపించి, అదే కావాలన్నాను. ఆయన వినలేదు. కింద కూర్చుని, చెయ్యి నేలమీద పెట్టి ఊరుకున్నాడు. పిలవలేదు, పాలు చూపించలేదు. కాసేపటికి బూడిదరంగు పిల్ల ఒకటి వచ్చి, వేళ్లు వాసన చూసి, తల రుద్దింది. ఒళ్లో వెల్లకిలా పడుకోబెడితే గింజుకోకుండా గుర్రుమంటూ కళ్లు మూసుకుంది.

"ఎలుకలకు బోను పెట్టుకో సార్. పిల్లినైతే ఇంటికొస్తే ఎదురొచ్చేదాన్ని తెచ్చుకోవాలె" అన్నాడు.

బోను కొనక తప్పలేదు. మహాతల్లి ఒక్క ఎలుకనూ పట్టిన పాపాన పోలేదు. గిన్నెలో నీళ్లు ముట్టదు, నల్లా తిప్పితేనే తాగుతుంది. నేను స్నానానికి వెళ్తే, నేనిక బయటికే రానేమో అన్నట్టు తలుపు దగ్గర ఒకటే ఏడుపు. భాయ్ నమాజ్‌కు కూర్చుంటే మాత్రం చాప అంచున బుద్ధిగా కూర్చునేది.

అన్నిటికంటే పెద్ద పేచీ తిండి దగ్గర. ఒంటరిగా తినదు. పక్కన తన వాళ్లెవరైనా కూర్చుని తింటేనే తను మూతి పెడుతుంది.

తెలంగాణ కోసం సమ్మె చేసిన రోజుల్లో భాయ్ షాపు ఎదురుగానే దీక్ష టెంటు. ఒక రోజు రిలే దీక్షలో మేమిద్దరం కూర్చున్నాం. భాభీ నర్సింహులపేటలో పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి మున్నీ టెంటుకే వచ్చి భాయ్ ఒళ్లోకెక్కింది. పెరుగన్నం పెట్టారు, పాలు పెట్టారు. మేం తినడం లేదు కాబట్టి అదీ ముట్టలేదు.

"గిది సుత దీక్షల కూసున్నది" అని మెడలో దండ వేశారు.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేయడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. మైకులో పేర్లు చదివే అతను మా పేర్లతోపాటు మున్నీ పేరూ చదివేశాడు. పాపం ఆ పెద్దమనిషి గ్లాసు పట్టుకుని, ఆడవాళ్ల వైపు తిరిగి, మున్నీ గారెవరమ్మా అని నిలబడ్డాడు. భాయ్ నవ్వీ నవ్వీ తన నిమ్మరసం ఒంటిమీద పోసుకున్నాడు.

భూపాలపల్లికి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మున్నీని వాళ్ల దగ్గరే వదిలాను. రోజంతా గదిలో ఒంటరిగా ఉంటే అది తిండి మానేస్తుందని భయం.

నిన్న బస్సుల్లేక బైక్ మీద బయల్దేరాను. పరకాల దాటాక రాస్తారోకో. మేమిద్దరం కలిసి మోసిన జెండాలే అవి. మనిషి పోయాడని చెబితే దారిచ్చారు. అయినా నేను చేరేసరికి అందరూ ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తున్నారు.

ఆఖరి చూపు దక్కలేదు.

పక్కిళ్ల వాళ్లు తెచ్చిన అన్నం మూతలు తీయకుండా అలాగే ఉంది. భాభీ గోడకు ఆనుకుని కూర్చుంది. బలవంతంగా చాయ్ తాగించబోతే గ్లాసు పక్కకు నెట్టేసింది. మున్నీ ఆమె కాళ్ల దగ్గరే ఉంది, అదీ ఏం ముట్టలేదు. నేను పక్కన కూర్చుని తిని చూపించాను. వాసన చూసి, ఇప్పుడు నేను తన మనిషిని కానన్నట్టు మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లిపోయింది.

"దీన్ని చూస్తే ఆయనే యాదికొస్తుండు. నువ్వు తీస్కపో తమ్మి" అంది భాభీ.

ఈ పొద్దున ఒక మూత బుట్ట అడిగి తెచ్చాను. మున్నీని ఎత్తబోతే నీరసంగా ఉంది, అరవను కూడా అరవలేదు. భాభీ అది చూసింది. బుట్ట పక్కన పెట్టమని సైగ చేసి, కంచం దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఏడుస్తూనే నమిలింది. ఇంకొక ముద్ద.

మున్నీ లేచి వచ్చి తన గిన్నెలో మూతి పెట్టింది.

అది గిన్నె ఖాళీ చేసేదాకా భాభీ తింటూనే ఉంది. తర్వాత దాని వీపు నిమురుతూ అంది.

"ఉండనియ్యి తమ్మి. ఇది తినాలంటే నేను తినాలె గద."

ఖాళీ బుట్ట తిరిగి ఇచ్చేసి, వాళ్ల అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

యాకూబ్ భాయ్, అల్లా నిన్ను తన నీడన ఉంచుకోవాలి. ఇంట్లో ఇద్దరూ తిన్నారు. నువ్వింక నిశ్చింతగా పడుకో.