గోదాముల వెనక తంగేడు

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, గడి అనే మా కోటలాంటి ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పిన తీర్పును కాదన్నవాళ్ళు లేరు. మా నాయన కాలం వచ్చేసరికి ఊళ్ళు పోయాయి, గడి మిగిలింది. అయినా బతుకమ్మ పండుగనాడు మా అమ్మ గడప దాటితేనే ఊళ్ళో మిగతా బతుకమ్మలు కదిలేవి. గడి బతుకమ్మ ముందు, ఊరి బతుకమ్మలు వెనక. నాయన పోయాక కూడా చాలా ఏళ్ళు ఆ వరస తప్పలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను.

అమ్మ కెనడాలో, బ్రాంప్టన్‌లో నా దగ్గర గడిపిన చివరి సెప్టెంబరులో ఆమెకు తిండి మీద ధ్యాస పోయింది. మనుషులు ఒకనాడు గుర్తుండేవారు, ఒకనాడు ఉండేవారు కాదు. చలికాలం దాటడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. అమ్మ అడిగేది మాత్రం ఒక్కటే.

“తంగేడు అచ్చిందా, బిడ్డా?”

ఇక్కడ అందరూ ఇండియన్ స్టోరులో బంతిపూలు కొని బతుకమ్మ పేరుస్తారు. నేనూ అవే తెచ్చి చూపించాను. అమ్మ వేళ్ళతో పక్కకు జరిపింది.

“బంతి ఎవలింట్లనన్న ఉంటది. తంగేడు లేంది గడి బతుకమ్మ లేస్తదా?”

అమ్మ గుర్తుపట్టే బతుకమ్మను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమె ముందు పెట్టాలనుకున్నాను. ఇంకో పండుగ ఆమెకు లేదు.

ఆ వారమే గోదాముల వెనక రోడ్డులో వస్తుంటే, ట్రక్కుల యార్డు కంచె పొడుగునా నన్ను మించి పెరిగిన మొక్కలు కనిపించాయి. కొసలన్నీ పసుపు. కారు ఆపి దిగాను. తంగేడే అనిపించింది. కాని ఖాయం చేసుకోవడం నాకు చేతకాదు. మా గడికి తంగేడు పనివాళ్ళ గంపల్లో వచ్చేది, తెంపిన గుత్తులుగా. అది చెట్టో పొదో, దాని ఆకు ఎట్లా ఉంటుందో మా ఇంటి ఆడవాళ్ళం ఎవరమూ ఎరగం. పువ్వు కోయడం గడి ఆడవాళ్ళ ఆచారం కాదు.

మా అమ్మాయికి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

“గోల్డెన్‌రాడ్, మామ్. ఇట్స్ జస్ట్ ఎ వీడ్. ఎవ్రీవేర్ ఉంటుంది.”

“సరిగ్గ చూడు. తంగేడు కావచ్చు.”

“యాప్ అదే చెప్తోంది. ఎనీవే, అమ్మమ్మకి తెలీదులే.”

“మీ అమ్మమ్మకు తెల్వదనేటోళ్ళు ఇంకా పుట్టలే,” అని పెట్టేశాను.

ఫోన్లో తంగేడు బొమ్మ తెరిచి, ఒక కొమ్మను వంచి పక్కన పెట్టి చూశాను. తంగేడుది ఐదు రేకుల విప్పారిన పువ్వు, జంటలు జంటలుగా చిన్న ఆకులు. నేను వంచి పట్టుకున్నదానికి సన్నటి ఒంటి ఆకులు, జొన్నగింజంత పూల కుచ్చులు. అనుమానానికి తావులేదు. అది తంగేడు కాదు.

అయినా మరునాడు అమ్మను కారులో కూర్చోబెట్టుకుని అక్కడికే తీసుకుపోయాను. రోడ్డుకు ఇవతల ఆపాను. అమ్మ అద్దంలోంచి చాలాసేపు చూసింది.

“అగో, గడెన్క బీడు! మేడ మీది కిటికిలకెల్లి గిట్లనే కనవడేది. అంత తంగేడే.”

చెట్టు మీద ఉన్న తంగేడును ఆమె జీవితమంతా చూసింది ఆ కిటికీ దూరం నుంచే. ఐదు రేకుల మాట నేను ఎత్తలేదు.

“గిన్ని పూలున్నయి. కోసెటోళ్ళు అచ్చిన్రా?”

“నేను కోస్తనమ్మా.”

వంటింటి కత్తెర పట్టుకుని రోడ్డు దాటాను. చేతి నిండా కోసుకుని తిరిగి వచ్చేసరికి అమ్మ పూలను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

“నువ్వు కోసినవా? దొరసాని బిడ్డవు, తొవ్వ పొంటి పూలు కోసినవా?”

“ఈడ ఎవలి పూలు వాళ్ళే కోసుకుంటరమ్మా.”

“మనోళ్ళు ఎవలు లేరా?”

“లేరమ్మా.”

“గడి?”

గడి అమ్మిన సంగతి ఆమెకు ఎన్నోసార్లు చెప్పాం. చెప్పిన ప్రతిసారీ మరిచిపోయింది. ఈసారి నేను పూలను వెనక సీటులో పెట్టాను. నాయన శవం ముందు నలుగురిలో కన్నీరు పెట్టని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం ఆ పూలతోనే బతుకమ్మ పేర్చి మంచం దగ్గర పెట్టాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత తంగేడు మాట ఎత్తలేదు. మొదటి మంచుకే పోయింది.

గడి వెనక బీడు దేనికీ పనికిరాదని మా ఇంట్లో అనేవారు. మేము ఊళ్ళో అందరికంటే ముందు ప్లాట్లవాళ్ళకు అమ్మింది ఆ బీడునే.