అత్తమ్మ నవ్వలేదనుకున్నాను

పోయిన శనివారం పొద్దున మా అత్తమ్మ ప్రభువునందు నిద్రించింది. దూలపల్లిలోని మా చర్చి గ్రూపులో ఆ కబురు పెట్టింది నేనే. ఫొటో కూడా పెట్టమన్నారు. ఫోనంతా వెతికాను. ఏడేళ్లుగా తీసిన ప్రతి ఫొటోలోనూ ఆమె ఎవరిమీదో అలిగినట్టే ఉంది.

నేను కోడలిగా వచ్చినప్పుడు ఆ మనిషి అలా ఉండేది కాదు. ఆదివారం స్త్రీల వరుసలో పాటకు ఆమె గొంతే ముందు లేచేది. మేడ్చల్‌లో కూరగాయల బేరం కూడా నవ్వుతూనే ఆడేది. చారులో ఇంగువ పడలేదని ముందుగదిలోంచే వాసన పట్టి చెప్పేది.

మా పాప పుట్టిన రోజు, సుచిత్ర చౌరస్తా దగ్గరి ఆస్పత్రిలో బిడ్డను ఆమె చేతుల్లో పెట్టారు. చాలాసేపు చూసింది. మొహంలో ఏ కదలికా లేదు. ఆడపిల్ల అని మొహం మాడ్చుకుందనుకున్నాను. అడగలేదు. మనసులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఏం చేసినా నా అనుమానానికి బలమే అయింది. తను పొయ్యి పక్కన నిలబడి ఉండగానే పప్పు మాడిపోతే, కావాలనే వదిలేసిందనుకున్నాను. సరుకుల చీటీ చీమల్లాంటి అక్షరాలతో రాసిస్తే విసుక్కున్నాను. మాట గొణుగుడైతే నన్నే తిట్టుకుంటోందనుకున్నాను. ఆమె గొంతు వినిపించడం లేదని చర్చిలో వాక్యం చదివే పని వేరొకరికి ఇచ్చేశారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకే ఇంట్లో ఐదేళ్లు, అవసరమైతే తప్ప నేను ఆమెతో మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట బాత్రూం గుమ్మం దగ్గర పడిపోయింది. ఎముకల డాక్టరు ఆమె నడక చూసి నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరమ్మ పార్కిన్సన్స్ అంది, వణుకుడు జబ్బు. చేతులు వణకడం లేదు కదా అన్నాడు మా ఆయన. అందరికీ వణకవని, వాసన తెలియకపోవడం, అక్షరాలు చిన్నవైపోవడం, గొంతు తగ్గడం, మొహం బిగుసుకుపోయి లోపలి భావం బయటికి కనిపించకపోవడం కూడా ఈ జబ్బేనని, కొన్ని ఏళ్ల ముందే మొదలవుతాయని ఆవిడ చెప్పింది. ఏది ఎప్పుడు మొదలైందో ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ నా దగ్గర జవాబుంది. ఇన్నాళ్లూ అత్తమ్మ తప్పులని నేను గుర్తుపెట్టుకున్నవన్నీ అవే.

ఆ సాయంత్రం మాత్ర వేసి, పక్కన కూర్చుని అడిగాను. “పాపను మొదలు ఎత్తుకున్ననాడు నీకు కోపమొచ్చిందా, అత్తమ్మా?”

జవాబు వినడానికి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది.

“కోపమేంది బిడ్డా. నేను నవ్వుతున్ననే అనుకున్న.”

తర్వాత రెండేళ్లు దగ్గరుండి చూసుకున్నాను. కోడలంటే అలా ఉండాలని పలకరించడానికి వచ్చినవాళ్లు అంటున్నారు. వినలేక లోపలికి వెళ్లిపోతున్నాను. మందులతో నడక కొంత తేలికైంది, ఆ తర్వాత అదీ పోయింది. నేను పాడుచేసిన ఐదేళ్లకు మందు లేదు. మీ ఇంట్లో ఎవరి మొహమైనా ఇలా మారితే, కోపమనో ముసలితనమనో అనుకుని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. ముందు పక్కన కూర్చుని అడగండి.

పోయిన నెల ఒక మధ్యాహ్నం పాప ఆమె ఒళ్లోకి ఎక్కింది. “నవ్వు అవ్వా” అంటూ రెండు వేళ్లతో పెదాల కొసలు పైకి లాగింది. నవ్వు వచ్చింది. పాప చప్పట్లు కొట్టడానికి వేళ్లు తీసింది. అత్తమ్మ పెదాలు మెల్లగా కిందికి జారాయి.