కాలువ కట్టేసే నెలలు

నిరుడు ఆగస్టు పదకొండున, సోమవారం, విజయవాడ నుంచి మా తమ్ముడి ఊరికి వెళ్లాను. తమ్ముడు అక్కడ కాలువ కింది రైతుల సంఘానికి అధ్యక్షుడు. ఊరి పొలిమేరలో హైడ్రోజన్ ఫ్యాక్టరీ పెడతామనీ, కాలువ నీళ్లు తీసుకోవడానికి సంఘం అంగీకారపత్రం కావాలనీ ఒక కంపెనీ వాళ్లు అడిగారట. సంతకం పెడితే, నీళ్లు అందరికన్నా చివర అందే శివారు చేలు ఎండిపోతాయని అతని భయం. లెక్క చూడమని నన్ను పిలిచాడు. నేను ముప్ఫై రెండేళ్లు లెక్కల టీచరుగా చేశాను.

కంపెనీ ఇంజనీరు పదకొండు గంటలకు వచ్చాడు. సోలార్ కరెంటును నీళ్లలోకి పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయనీ, ఆ హైడ్రోజన్‌ను మండిస్తే పొగ రాదు, మళ్లీ నీరే వస్తుందనీ ఓపికగా చెప్పాడు. పెట్టిన కరెంటంతా తిరిగి వస్తుందా అని అడిగాను. మూడో వంతు తయారీలోనే పోతుందని ఒప్పుకున్నాడు. అయినా ఎండ కరెంటును దాచుకోవడానికి, ఎరువుల తయారీకి ఇది కావాలన్నాడు. సబబుగానే ఉంది.

నీళ్ల లెక్క వేశాను. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్లు. శుద్ధి చేయడంలో పోయేది కలిపితే ఇరవై. రోజుకు పది టన్నులంటే రెండు లక్షల లీటర్లు. నాలుగు నెలల పంటకాలానికి రెండు కోట్ల నలభై లక్షలు. ఎకరం వరికే దాదాపు యాభై లక్షలు పడుతుంది. ఫ్యాక్టరీకి పట్టేది ఐదెకరాల నీళ్లు కూడా కాదు.

"ఇంతేనా అక్కా? దీనికా నేను వారం నుంచీ అన్నం సయించక తిరుగుతున్నది?" అంటూ తమ్ముడు జేబులోంచి పెన్ను తీశాడు.

కాఫీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన మరదలు గుమ్మంలో ఆగింది.

"వదినా, ఏప్రిల్లో కాలువ కట్టేస్తారు గదా. అప్పుడేం పోస్తారు దాంట్లో?"

కాలువకు నీళ్లు వదిలిన తేదీ నేను ఏటా పేపర్లో చూసి డైరీలో రాసుకుంటాను. కట్టేసిన తేదీ ఒక్కసారీ రాయలేదు. అప్పటికి పంట ఇంటికి వచ్చేసి ఉంటుంది, ఆ తేదీతో ఎవరికీ పని ఉండదు. వరికి కట్టినట్టే ఫ్యాక్టరీకీ నాలుగు నెలలకే లెక్క కట్టాను. అది పన్నెండు నెలలూ నడుస్తుంది. కాలువ ఎండిన రెండు నెలలూ ఊరు బతికేది ముందుగా నింపుకున్న మంచినీళ్ల చెరువు మీద. ఆ నీళ్లు ఇంటికి మోసేది మరదలు.

ఇంజనీరును అదే అడిగాను. ఫైలు తిరగేసి, ఆ రెండు నెలలు ఊరి చెరువుతో సర్దుకుందామనుకున్నామన్నాడు.

"మరి మేం దేంతో సర్దుకోవాలండీ?" అంది మరదలు.

కాలువ కట్టేసిన రోజుల్లో కాలువ నుంచి గాని, చెరువు నుంచి గాని నీళ్లు తీసుకోరాదనీ, ఫ్యాక్టరీ తన చెరువు తానే తవ్వుకోవాలనీ తమ్ముడు పత్రం అడుగున రాశాడు. ఇంజనీరు రెండుసార్లు చదివి, పైవాళ్లను అడగాలన్నాడు.

"అడగండి. వాళ్లు ఒప్పుకున్నాక పెడతా సంతకం," అన్నాడు తమ్ముడు.

సంతకం లేని పత్రాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుని ఇంజనీరు వెళ్లాడు.