ఎర్ర సిరా వదిలేసిన మాట

1978లో విశాఖపట్నంలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. విలేకరులు పంపిన వార్తలు దిద్ది, శీర్షిక పెట్టి కంపోజింగుకు పంపడం నా పని. మా డెస్కులో ఒక కట్టడి ఉండేది. కొట్లాట వార్తల్లో కులం, మతం పేర్లు రాయకూడదు. ‘ఒక వర్గం, మరో వర్గం’ అనాలి. ఉన్నదున్నట్టు రాస్తే ఊరు రగులుతుందని భయం. ఈ విషయంలో నాకు మహా నిక్కచ్చి మనిషినని పేరు. కులం పేరు కనబడితే చాలు, ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి.

ఒకరోజు పోర్టు గేటు దగ్గర, చెప్పిన చోట దింపలేదని ఓడ దిగిన ఒక నావికుడికీ రిక్షావాడికీ తగువైంది. ఇద్దరూ చేయిచేసుకున్నారు. విలేకరి రాసిన రిక్షావాడి కులాన్ని శ్రద్ధగా కొట్టేసి, ‘నల్లజాతి నావికుడి దౌర్జన్యం’ అని శీర్షిక పెట్టాను. అంతకు నెల ముందు ఒక గ్రీకు నావికుడు హోటల్లో అద్దాలు పగలగొడితే ‘విదేశీ నావికుడు’ అనే రాశాను. అతను తెల్లవాడని రాయాలని నాకు తట్టనే లేదు.

వారం తిరక్కుండా ఖాదర్ అనే పాతనగరం దర్జీ ఆఫీసుకొచ్చాడు. ఓడలవాళ్లకు ప్యాంట్లు కుట్టే పెద్దమనిషి. బట్టలకని వచ్చిన మరో ఆఫ్రికా నావికుడు ఆయన దుకాణం ముందే కడుపునొప్పితో కూలబడ్డాడట. రిక్షావాళ్లు ఒక్కరూ ఎక్కించుకోలేదట. ‘ఈల్లు కొడతారని పేపర్లో పడింది’ అన్నారట. చివరికి ఖాదరే తోపుడుబండి మీద పెద్దాసుపత్రికి తోసుకెళ్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారట.

“మా ఈదిలో దెబ్బలాటైతే ఒక వర్గం అని రాత్తారు, మంచిదే బాబూ. ఆడి రంగు ఎందుకు రాసినారు?” అని అడిగాడు.

విలేకరి, నేను, కంపోజిటరు... తిలా పాపం తలా పిడికెడు అనుకున్నా, పెద్ద పిడికెడు నాదే. సిగ్గేసింది. తప్పు దిద్దుకుందామని ఆయన మంచితనం గురించి మర్నాడే మొదటి పేజీలో బాక్సు కట్టి వేశాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం ఖాదర్ పేపరు పట్టుకుని మళ్లీ వచ్చాడు. శీర్షిక మీద వేలు పెట్టి చూపించాడు. ‘నల్లజాతి నావికుణ్ణి కాపాడిన ముస్లిం దర్జీ’.

“ఆడికి తోడు నన్నూ కలిపీసినారు బాబూ. దర్జీ అంటే సాలదేటి?” అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, అలాంటి మాట శీర్షికలో కనబడితే ఆ చోట నా కులం పేరు పెట్టి చదివి చూసుకునేవాణ్ణి. ఇంచుమించు ప్రతిసారీ కొట్టేయవలసి వచ్చింది. దానివల్ల ఏ వార్తకూ లోటు రాలేదు.