తడి గరిటె

పదకొండేళ్లుగా ఒక్క మాట నా గొంతు దాటి రావడం లేదు. మా ఇంట్లో నన్ను వాగుడుకాయ అంటారు. ఊళ్లో ఎవరింట ఏ కూర వండారో నన్నడిగితే చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను.

మాది చోడవరం దగ్గర పల్లె. చెరకు పండించేదీ మేమే, బెల్లం వండేదీ మేమే. నా తోటికోడలిని అక్కా అని పిలుస్తాను. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు దిక్కు ఆవిడే. పొయ్యి దగ్గర నేను మామగారిలా నడిచి చూపిస్తే కడుపు పట్టుకుని కూలబడి నవ్వేది. ఆ నవ్వు రోడ్డు మీదికి వినబడేది.

బెల్లం పసుపుపచ్చగా మెరవాలని పాకంలో హైడ్రోస్ పొడి వేస్తాం. దానికి తడి తగిలితే రాజుకుని విషవాయువు వదులుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం పాకం పొంగిపోతుంటే, కంగారులో చేతిలో ఉన్న తడి గరిటెనే, గదిలో ఉన్న హైడ్రోస్ డబ్బాలో ముంచాను. మూత అరకొరగా పెట్టి పరుగెత్తాను. కాసేపటికి గదిలోంచి పొగ. లోపల వారం పాటు వండిన బెల్లం దిమ్మలున్నాయి. అక్క నాకంటే ముందు లోపలికి దూరి, ఆ డబ్బాని రెండు చేతులతో బయటికి ఈడ్చింది.

విశాఖలో ఆసుపత్రి మంచం మీద, మాస్కు పక్కకి జరిపి నాతో అంది:

"పొద్దున పొడి తీసింది నేనే కదే. మూత సరిగ్గా పెట్టనేదేమో. నా తప్పుకి నాకే అయ్యింది. నువ్వు ఏడవకే."

"ఊరుకో అక్కా, ఇప్పుడయన్నీ ఎందుకు?" అన్నాను.

నేనాడిన అబద్ధం అంతే. తిడతారని భయమా? మొదటి నెల భయమే. మరి ఆ తర్వాత ఇన్నేళ్లూ ఏమిటి? నిజం తెలిస్తే ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని, ఆ చూపు లేకుండా ఆ ఇంట్లో బతకలేనని, రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

అక్క ఊపిరితిత్తులు మళ్లీ బాగవలేదు. బస్టాపు దాకా వెళ్లాలంటే దారిలో రెండుసార్లు కూర్చోవాలి. నవ్వితే దగ్గు, దగ్గితే పెదాలు నీలం. అందుకే ఆవిడ ముందు నవ్వించే మాటలు మానేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆవిడ మళ్లీ అలా కూలబడి నవ్వితే చూడాలని ఎంత ఆశగా ఉంటుందో!

ఇంకోటి ఉంది. అప్పటి నుంచి అక్క ఏ మూత పెట్టినా రెండోసారి నొక్కి చూస్తుంది. ఉప్పు జాడీ, ఆవకాయ జాడీ, బియ్యం డబ్బా, ఏదైనా సరే. పిల్లలు వెక్కిరిస్తే సిగ్గుపడుతుంది. నేను పక్కనే నిలబడి చూస్తాను.

ఇది రాస్తుంటే వంటింట్లో మళ్లీ నొక్కుతోంది. లేచి వెళ్లి చెబుతానా? తెలియదు. రాశాక మాత్రం కొంచెం తేలిగ్గా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.

అక్కా, ఆ రోజు నువ్వు మూత గట్టిగానే పెట్టావు. తీసింది నేను.