నన్ను కాదని మేనమామ కూతుర్ని

ఇక్కడ గల్ఫ్‌లో, ఈసా టౌన్‌లో నేను పని చేసే ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆమె కాళ్ళు పనిచేయవు, కుడిచేతిలో పట్టు తక్కువ. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు. ఇన్నేళ్ళూ ఆమెని మంచం మీంచి దించింది నేను, నీళ్ళు పోసింది నేను, బడి గేటు దాకా చక్రాల కుర్చీ తోసుకెళ్ళింది నేను. నా చేతుల్లో పెరగడంతో తెలుగు దానంతటదే వచ్చేసింది. అచ్చం మా రాజోలు వైపు మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్ళ చెవిన పడకూడదనుకున్నవన్నీ మేమిద్దరం తెలుగులోనే చెప్పుకునేవాళ్ళం. నన్ను అక్కా అంటుంది.

ఆమె బాగోగుల కోసం ప్రభుత్వం నెలనెలా కొంత ఇస్తుంది. పోయిన వాళ్ళ నాన్నగారు ఆమె పేర రాసిన కొట్టు మీద అద్దె కూడా వస్తుంది. ఇంటికొచ్చి ఎక్సర్‌సైజు చేయించే ఆవిడ జీతం, మందులు, హాస్పిటల్‌కి కారు, అన్నీ అందులోంచే. వాటిని వాళ్ళమ్మగారు, అంటే మా మేడం చూసుకునేది. పేరుకే ఆవిడ. ఏ మెత్త కొనాలన్నా, ఎవర్ని మాన్పించాలన్నా ముందు నన్ను అడిగేది. "దాని ఒళ్ళు నీకు తెలిసినంత నాకు తెలీదు" అనేది. ఆ మాట కోసం నేను రెండు పూటల పని ఒక పూటలో చేసేదాన్ని.

కిందటేడు మేడంకి చూపు బాగా తగ్గింది. ఒకరోజు భోజనాలయ్యాక కూతురితో, "పెద్దదానివయ్యావు. నీ డబ్బు ఎవరు చూడాలో నువ్వే చెప్పు. ఎవర్ని చెబితే వాళ్ళ పేరు రాయిద్దాం" అంది.

పరాయి దేశం దాన్ని, నా పేరు కాగితాల మీద ఎవరూ రాయరని నాకు తెలుసు. వాళ్ళ అన్నగారి పేరు పెట్టి, పనంతా నాకు అప్పగిస్తుందని అనుకున్నాను. అన్నగారు అవాలి అనే ఊళ్ళో ఉంటాడు, డ్యూటీ వదిలి రాలేడు. ఇంకెవరున్నారు నేను తప్ప?

ఉంది ఒకతె. మేడం తమ్ముడి కూతురు. హూరాలో ఒక హోటల్ ఆఫీసులో పని. అప్పటిదాకా పండక్కో పబ్బానికో కనిపించేది. ఈ మాట బయటికొచ్చాక ప్రతి శుక్రవారం రావడం మొదలుపెట్టింది. వచ్చిందంటే గదంతా అత్తరు వాసన. ఇద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని అరబిక్‌లో గబగబా మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు వంటింటి అరబిక్ వచ్చుగానీ అంత వేగం అందదు. టీ ఇచ్చే వంకతో లోపలికెళ్తే నవ్వు ఆగిపోయేది. నాకు తెలియని నవ్వు ఆ పిల్ల ముఖంలో చూడటం అదే మొదలు. ఆ రోజు గిన్నెలు తోముతుంటే చెయ్యి తెగింది. ఎలా తెగిందో కూడా చూసుకోలేదు.

తర్వాత నేను పెంచిన మా అమ్మాయి అన్నగారినీ, మామ కూతుర్నీ, నన్నూ ఒకే మాట అడిగింది. నన్ను అడిగింది తల దువ్వుతున్నప్పుడు.

"అక్కా, నాకు మోటారు కుర్చీ కావాలి. నేనే నడుపుకుంటా. అది కొంటే కొన్ని నెలలు ఎక్సర్‌సైజు ఆవిడని మాన్పించాలి. డబ్బు నీ చేతిలో ఉంటే ఏం చేస్తావు?"

"కొనను" అన్నాను వెంటనే. "ఎక్సర్‌సైజు మానితే నీ మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అయినా మోటారెందుకు? తోయడానికి నేను లేనా?"

"నేనొక్కదాన్నే కోల్డ్ స్టోర్‌కి వెళ్ళి సరుకులు తెచ్చుకోవాలనుకుంటే?"

"రోడ్డు దాటాలి. వద్దు."

జడ వేయించుకుని ఊరుకుంది. అన్నగారిని అడిగితే అమ్మని అడిగి చెప్తానన్నాడట. వాళ్ళ మామ కూతురు మటుకు, "ఏ రంగు కావాలి? మోకాళ్ళ సంగతి డాక్టర్‌ని కనుక్కుని వచ్చి చెప్తా. విన్నాక నువ్వే తేల్చుకో" అందట. ఇదంతా మా అమ్మాయే నాకు చెప్పింది, దాపరికం లేకుండా.

"అందుకని దాన్నే పెట్టుకుంటున్నానక్కా."

"నీ ఇష్టం" అన్నాను. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

నాకు కుళ్ళు లేదంటే అబద్ధం. జ్వరం వస్తే తెల్లార్లూ కూర్చున్నది నేను. ఒంటి మీద ఎక్కడ ముట్టుకుంటే నొప్పో తెలిసింది నాకు. శుక్రవారం శుక్రవారం అత్తరు పూసుకొచ్చేదానికి అధికారం. పైగా ఆ కుర్చీ వస్తే తోసే పని కూడా ఉండదు. నా చేతుల్లోంచి రెండూ ఒకేసారి లాగేసుకున్నారనిపించింది.

డాక్టర్ చెప్పింది విన్నాక మా అమ్మాయి కుర్చీయే కావాలంది, మామ కూతురు షాపులో చెప్పి వచ్చింది. అప్పుడే నేనొక తప్పుడు పని చేశాను. కుర్చీ షాపతను కొలతలు తీసుకోవడానికి వస్తానని ఇంటికి ఫోన్ చేశాడు. హిందీలో మాట్లాడాడు. మేడం నిద్రపోతోంది, అమ్మాయి స్నానాల గదిలో ఉంది. నేను, "భాయ్, అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. ఇప్పుడు కుర్చీ వద్దంటున్నారు, ఖలాస్" అని పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలు కబురు లేదు. మా అమ్మాయి రోజూ, "వాళ్ళు ఇంకా చేయలేదేంటక్కా" అని అడుగుతుంటే, వస్తార్లే అనేదాన్ని. అలా అడుగుతూ నా ముఖంలోకి చూస్తుంటే నేను కిటికీ అద్దాలు తుడిచేదాన్ని.

చివరికి ఆ మామ కూతురే షాపుకి వెళ్ళి కనుక్కుంది. సాయంత్రం వచ్చి మా ఎదుటే చెప్పింది. "ఎవరో ఆడమనిషి వద్దని చెప్పిందట." ఈసారి నాకు అర్థమయ్యేలా మెల్లగా మాట్లాడింది.

మా అమ్మాయి నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. "నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

"నన్ను ఎందుకు పెట్టుకోలేదు?" అన్నాను. అడగాలనుకున్నది అది కాదు, క్షమించమని అడగాలి. ఇదే వచ్చింది.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ చేతిలో డబ్బు పెడితే నువ్వు నన్ను బాగా చూసుకుంటావు. అది తెలుసు. కానీ నేను అడిగింది ఒక్కటి కూడా ఇవ్వవు. మా అమ్మా ఇవ్వలేదు. మీ ఇద్దరికీ నేనింకా తొమ్మిదేళ్ళ పిల్లనే."

నన్ను పంపించేస్తారనుకున్నాను. మేడంకి తెలిస్తే, నా వీసాకి పూచీ ఉన్న కఫీల్ కదా, ఆవిడే ఊరికి టికెట్ కొనిచ్చేది. ఇద్దరిలో ఒక్కరూ ఆవిడకి చెప్పలేదు. మామ కూతురు నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ వారంలోనే షాపతను వచ్చాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను, నాకేం పట్టనట్టు. అతను నడుము కొలిచాడు, కాళ్ళు కొలిచాడు. తిప్పే మీట కుడివైపు పెడతానని రాసుకుంటున్నాడు. మామ కూతురు తలూపుతోంది, ఆమెకి తెలీదు. మా అమ్మాయి కంగారులో గమనించలేదు. నేను ఊరుకుంటే ఆ కుర్చీ తప్పుగా వచ్చేది, తప్పంతా మామ కూతురిదయ్యేది. ఒక్క క్షణం ఆ ఆలోచన నాకు ఎంతో బాగుంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

"ఎడమవైపు పెట్టండి" అన్నాను. "కుడి చెయ్యి పావుగంటకే అలిసిపోతుంది. ఎడమ తుంటి కింద మెత్త ఇంకొంచెం ఎత్తు ఉండాలి. లేకపోతే పక్కకి జారిపోతుంది."

మామ కూతురు నా దగ్గరికొచ్చి పెన్ను ఇచ్చి, "ఎంత ఎత్తో చూపించు" అంది. నాకు రాయడం రాదు. రెండు వేళ్ళు పెట్టి చూపించాను. అంతే రాసుకుంది.

కుర్చీ వచ్చింది. నీలం రంగు. ఎక్సర్‌సైజు ఆవిడ వారానికి ఒకరోజే వస్తోంది. మిగతా రోజులు ఆవిడ దగ్గర నేర్చుకుని నేనే చేయిస్తున్నాను. అలా చేద్దామా అని నన్ను అడిగింది మామ కూతురే. సరేనన్నాను గానీ ఆమె ముఖం చూసి అనలేదు.

మొదటిసారి మా అమ్మాయి ఒక్కతే కోల్డ్ స్టోర్‌కి బయల్దేరినప్పుడు నేను గేటు దాకా వెళ్ళాను. "ఇంక ఆగు అక్కా" అంది. ఆగాను. మూల తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మామ కూతురు నా పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తోంది. అది చూసి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నా దగ్గరున్న ఫోన్‌తో నేను కూడా తీయొచ్చు, తోచలేదు.

కాసేపయ్యాక ఆమె ఆ వీడియో నాకు పంపించింది. చూడకుండా రెండు రోజులు ఉన్నాను. మూడో రోజు చూశాను.