ఒక్క రోజు ఆలస్యంగా పడిన ఆట

కరోనాకు మూతపడిన థియేటర్లు మళ్లీ తెరుచుకున్న రెండో వేసవిలో నన్ను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఏరియా మేనేజరుగా వేశారు. హైదరాబాదులోని ఒక సినిమా పంపిణీ సంస్థలో నా ఉద్యోగం. చేరింది రిప్రజెంటేటివ్‌గా. అంటే థియేటరు బుకింగు కిటికీ పక్కన కూర్చొని, ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో చూసి, కంపెనీకి లెక్క పంపేవాడు. థియేటరు వాళ్లకు మేము అల్లుళ్లమూ కాదు, పోలీసులమూ కాదు. మర్యాదలు మాత్రం రెండు రకాలవీ జరిగేవి. రిటైరు కావడానికి కొంచెం ముందు ఏరియా మేనేజరునయ్యాను. వనపర్తి బస్టాండు దగ్గర ఒక గది నా ఆఫీసు.

నేను చేరిన రోజుల్లో సినిమా రీళ్ల డబ్బాల్లో బస్సు టాపు మీద వచ్చేది. ఇప్పుడు హార్డ్ డిస్కులో వస్తోంది. డిస్కు చేతిలో ఉన్నంత మాత్రాన సినిమా ఆడదు. దానికి తాళం ఉంటుంది. ఫలానా థియేటరులోని ఫలానా యంత్రానికి, ఫలానా రోజు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని రాసి, తాళంచెవిని మెయిల్‌లో పంపుతారు. దాన్ని మేము ‘కీ’ అంటాం. కీలో రాసిన గంట కొట్టకముందు ఆపరేటరు తలకిందులుగా తపస్సు చేసినా తెర మీద బొమ్మ పడదు. మామూలుగా శుక్రవారం విడుదలకు గురువారం సాయంత్రానికల్లా కీలు వచ్చేస్తాయి.

ఆ వేసవిలో మా కంపెనీ ఒక చిన్న సినిమా తీసుకుంది. గద్వాల చుట్టుపక్కల ఊళ్లలోనే తీశారు. కథ జోగినుల గురించి. ఆడపిల్లను చిన్నతనంలోనే దేవతకు పెండ్లి చేశామని చెప్పి, తర్వాత ఊరిలో పెద్దమనుషులందరికీ సొత్తుగా చేసే దురాచారం అది. చట్టం ఎప్పుడో నిషేధించింది. ఆ బతుకు బతికినవాళ్లు మాత్రం ఇంకా మన మధ్యనే ఉన్నారు. సినిమా చివర అట్లాంటి ఐదుగురు ఆడవాళ్లు తమ మాట తామే చెబుతారు. నలుగురి ముఖాలు నీడలో ఉంటాయి. ఐదో ఆమె ముఖం చూపించి, పేరు చెప్పి మాట్లాడుతుంది. ఆమె సవారమ్మ. గద్వాలలో మా సినిమా వేయబోయే థియేటరు ఎదుటనే ఆమెకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి ఉంది.

విడుదలకు ముందు బుధవారం కంపెనీకి ఒక మెయిల్ వచ్చింది. మీ కంప్యూటర్లలోకి చొరబడ్డాం, మా ఆచారాన్ని కించపరిచే ఈ సినిమాను ఆపకపోతే నీడలో ఉన్న ఆ నలుగురి అసలు ముఖాలను పేర్లతో, ఊర్లతో ఇంటర్నెట్‌లో పెడతాం అని దాని సారాంశం. నమ్మకం కోసం ఒకామె మాట్లాడుతున్న వీడియో ముక్కను ముఖంతో సహా జత చేశారు.

మా జనరల్ మేనేజరు ఫోను చేశారు. నెమ్మదస్తుడు, ఎవరినీ ఒక మాట అనే మనిషి కాదు. మనవల్ల ఆ ఆడవాళ్లకు అన్యాయం జరగకూడదు, సినిమాను వెనక్కి తీసుకుంటున్నాం, కీలు ఇవ్వం, సాంకేతిక కారణాలని చెప్పి పోస్టర్లు తీయించండి అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది. ఒక సినిమా ఆడకపోతే ఎవరి ప్రాణమూ పోదు, ఆడితే నలుగురి పరువు పోతుందంటే ఎవరైనా ఆపమనే అంటారు. ఫోను పెట్టేసే ముందు ఆయన ఇంకో మాట అడిగారు. వచ్చే నెల పెద్ద హీరో సినిమా మన దగ్గరే ఉంది కదా, దాని గురించి థియేటర్లలో ఎవరైనా ఏమైనా అంటున్నారా అని. అప్పుడు అర్థమైంది, ఆయన భయం ఎక్కువ భాగం ఎక్కడుందో. ఆ పెద్ద సినిమా కూడా దొంగల చేతిలో పడితే కంపెనీ మునుగుతుంది. తప్పు పట్టను, ఆయన ఉద్యోగం అది. కానీ దానికి ఆ నలుగురు ఆడవాళ్ల పేరు అడ్డం పెట్టడం మాత్రం నచ్చలేదు.

గురువారం పొద్దున కంపెనీ జీపులో గద్వాల చేరేసరికి థియేటరు యజమాని ఖలీల్ సాబ్ గేటు దగ్గరే ఉన్నాడు. పోస్టర్లు తీసేయమని చెప్పాను. కారణం విని తల ఊపి, “కంపెనీ వద్దంటే నేనేం చేస్త సాబ్. గాని ఆ బండి కాడికి నువ్వే పోయి చెప్పు. నాతోని కాదు” అన్నాడు.

సవారమ్మకు యాభై దాటి ఉంటాయి. ఈ సినిమా కోసం ఆమె ఎంత ఎదురుచూస్తోందో ఖలీల్ సాబ్ చెప్పాడు. చుట్టుపక్కల ఊర్లలో ఇంకా కొందరు తల్లులు ఆడపిల్లలను దేవతకు వదలాలని మొక్కుకున్నారట. వాళ్లందరినీ మొదటి ఆటకు పిలిచింది. తన ముఖం ఇంతెత్తున తెర మీద చూస్తే, తన నోటితో వింటే ఆ తల్లులు వెనకాడతారని ఆమె నమ్మకం. ముఖం చూపించడానికి ఒప్పుకున్నది కూడా అందుకే.

బండి దగ్గరికి వెళ్లి, సాంకేతిక కారణాల వల్ల సినిమా పడదన్నాను. “సాంకేతిక కారణం అంటే ఏంది సారు?” అని అడిగింది. బజ్జీలు తీస్తూనే నా వైపు చూసింది. ఆమె ముందు ఆ మాట పట్టుకొని వేలాడటం నాకు సిగ్గనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

చిల్లుల గరిటె పక్కన పెట్టింది. “ఆళ్లను అడిగిండ్రా?”

“ఎవరిని?”

“ఆ నలుగురిని. మొకం ఆళ్లది. బెదిరిచ్చింది ఆళ్లను. మీరేమో ఆళ్లను అడగకుంటనే ఆపుతుండ్రు. చిన్నప్పుడు గూడ గిట్లనే సారు. నీ మంచికే అన్నరు. మమ్ముల అడగకుంటనే మెడల పుస్తె కట్టిండ్రు.”

కంపెనీలో గానీ నా తలలో గానీ ఆ ఆలోచనే రాలేదు. అందరం వాళ్ల కోసమే మాట్లాడుతున్నాం, వాళ్లతో మాట్లాడింది ఒక్కరూ లేరు. ఆ నలుగురి ఊర్లు చెప్పండి, నేనే పోయి అడుగుతాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “నీకు ఆళ్ల ఊర్లు తెల్వద్దు. నీ జీపు ఇంటి ముందట నిలబడితే ఊరంత తెలుస్తది. నేనే పిలుస్త. మ్యాట్నీకి రమ్మంట. నలుగురు ఆడోళ్లు సినిమాకు పోతే ఎవ్వడు అడుగుతడు?”

ఆ మధ్యాహ్నం థియేటరులో ఏదో పాత సినిమా, పావు హాలు కూడా లేదు. బాల్కనీ చివరి వరుసలో కొంగులు కప్పుకొని నలుగురు కూర్చున్నారు, పక్కన సవారమ్మ. నన్ను ముందు వరుసలో కూర్చోమని, వెనక్కి తిరగొద్దని చెప్పింది. తెర మీద పాట వస్తుంటే తెర వైపు చూస్తూనే విషయమంతా చెప్పాను. మెయిల్‌లో ఏముందో, పంపిన ముక్కలో ఏ మాటలున్నాయో, కంపెనీ ఏమనుకుంటుందో ఏదీ దాచలేదు. సినిమా వేస్తే వాళ్లు అన్నంత పనీ చేయొచ్చని కూడా చెప్పాను.

ఇద్దరు వెంటనే వేయమన్నారు. మూడో ఆమె తన ఊర్లో అందరికీ తెలిసిందే, కొత్తగా పోయేదేమీ లేదంది. మిగిలింది నాలుగో ఆమె. మెయిల్‌లో వచ్చిన ముఖం ఆమెదేనట. ఆమె పేరు అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ తెలియదు. కొడుకుకు పెండ్లయింది, ఇంట్లో కోడలు ఉంది, ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు అని సవారమ్మ చెప్పింది. చివరికి ఆమె అడిగింది.

“సినిమా ఆపితే, ఆళ్ల తాన ఉన్న నా మొకం ఎనక్కి ఇస్తరా?”

నాకు జవాబు తెలుసు గానీ, అది కంపెనీ చెప్పాల్సిన జవాబు. ఖలీల్ సాబ్ గదిలోకి వెళ్లి జనరల్ మేనేజరుకు ఫోను చేసి ఆ ప్రశ్నను యథాతథంగా చెప్పాను. ఇవ్వరు, రేపు ఇంకోదానికి అదే ముఖం చూపించి మళ్లీ బెదిరిస్తారు అని ఒప్పుకున్నారు. ఛైర్మన్‌తో మాట్లాడతానన్నారు.

ఈలోగా, కంపెనీ ఫిర్యాదు అందుకున్న సైబర్ పోలీసులు తేల్చిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. చొరబడటానికి ఆ దొంగలు పెద్దగా కష్టపడలేదు. మా వృత్తిలో ఒక అలవాటుంది. ప్రతి సినిమాకూ పబ్లిసిటీ సామగ్రి అంతా ఒకచోట పెట్టి, మైకు ఆటోవాళ్ల దగ్గరి నుంచి ఫ్లెక్సీలు కొట్టేవాళ్ల దాకా అందరికీ అందేట్టు పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపేస్తారు. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడూ సినిమా పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. స్థానికంగా ప్రచారానికి పనికొస్తాయని ఎవరో ఆ ఐదుగురి ముఖాలు కనిపించే అసలు రికార్డింగులు కూడా అందులోనే పడేశారు. ఒక్కో రికార్డింగుకు మనిషి పేరు, ఊరి పేరు. మూడు జిల్లాల్లో ఫ్లెక్సీ కొట్టే ప్రతి దుకాణానికీ ఆ తలుపు తెరిచే ఉంది. పెద్ద హీరో సినిమా మాత్రం వేరే కంప్యూటరులో, గట్టి కాపలాలో ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు. ఈ సంగతి తెలిశాక ఛైర్మన్‌కు ధైర్యం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మనుషుల ముఖాలకు లేని కాపలా హీరో ముఖానికి ఉండటం నాకు కోపం తెప్పించింది, ఇప్పటికీ తెప్పిస్తుంది.

సినిమా వేద్దామని కబురొచ్చింది. బాల్కనీలోకి వెళ్లి చెప్పాను. నాలుగో ఆమె ఒకటే కోరింది. కోడలు పుట్టింటికి పోయింది, శుక్రవారం సాయంత్రం వస్తుంది. “ఫోన్ల చూసి తెల్సుకునే ముందుగాల నేనే చెప్త. గప్పటిదాంక ఆపుండ్రి, చాలు” అంది.

జనరల్ మేనేజరుకు మళ్లీ ఫోను చేశాను. శుక్రవారాన్ని వదులుకోవడమంటే మా వ్యాపారంలో మామూలు విషయం కాదు. ఆయన ఈసారి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కీలన్నీ శనివారం పదకొండు గంటల నుంచి తెరుచుకునేట్టు రాయించారు. నా సర్వీసులో హీరోల అభిమానుల కోసం తెల్లవారుజాము ఆటలకు కీ గంటలు ముందుకు జరపడం చాలాసార్లు చూశాను. ఒక అత్త కోడలితో మాట్లాడటానికి వెనక్కి జరపడం అదొక్కసారే.

శనివారం పొద్దుటాటకు గద్వాలలో సగం హాలు నిండింది. సవారమ్మ పిలిచిన తల్లులు అందరూ రాలేదు, కొందరు వచ్చారు. నాలుగో ఆమె రాలేదు. చెప్పానని, కోడలు ఆ రాత్రి అన్నం తినలేదని, పొద్దున మాత్రం టీ పెట్టి ఇచ్చిందని సవారమ్మతో కబురు పంపింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో అంతంత మాత్రంగా ఆడింది. వారం తిరగకుండానే తీసేశారు.

బెదిరించినవాళ్లు ఆదివారం అన్నంత పనీ చేశారు. నలుగురి ముఖాలూ ఫోన్లలో తిరిగాయి. పోలీసులు కొన్నింటిని తీయించారు, కొన్ని మిగిలాయి. మూడో ఆమె, ఊరందరికీ తెలిసిందే అన్న ఆమె, కుర్రకారు వెకిలి మాటలకు కొంతకాలం కూలికి పోవడం మానేసింది. సినిమా వేయడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని నేను చెప్పను. ఆమెకు జరిగింది. ఆ సంగతి తెలిసి గద్వాల వెళ్లినప్పుడు, ఆమెకు కోపం ఎవరి మీద ఉందని సవారమ్మను అడిగాను. “మొకాలు పెట్టినోళ్ల మీద. మీ మీద గూడ, గవన్ని ఒక్కకాడ పెట్టినందుకు. సినిమా ఏసినందుకు మాత్రం కాదు” అంది.

తర్వాత కంపెనీ మమ్మల్ని అభిప్రాయం అడిగింది. ఇట్లాంటి బెదిరింపులు వస్తే సినిమాను ఉపసంహరించుకోవాలా, వద్దా అని. చాలామంది తోటి మేనేజర్లు ఔననో కాదనో రాశారు. నేను రెండు మాటలు రాశాను. కాపాడలేని ముఖాన్ని కంపెనీ దగ్గర ఉంచుకోకూడదు, పని అయిపోగానే చెరిపేయాలి. రెండోది, బెదిరింపు ఎవరి మీదికి వచ్చిందో వాళ్లను అడగకుండా తీసుకున్న నిర్ణయం, సినిమా ఆపినా తప్పే, వేసినా తప్పే.